మగాళ్ళ సీజన్ మా ఇంట్లో కూడా ఉండేది: ఫిల్మ్ సొసైటీల వాళ్ళకి ఒక బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో ఫిల్మ్ సొసైటీలు, ఫిల్మ్ క్లబ్బులు నడిపే అందరికీ నమస్తే.

ఈ ఉత్తరం మిమ్మల్ని తిట్టడానికి రాస్తున్నది కాదు. అంటే మొత్తం తిట్టడానికే కాదు, మధ్యమధ్యలో కొంచెం ఉంటది, ఓర్చుకోండి. మీరు లేకపోతే నాలాంటోళ్ళకి ఇరాన్ సినిమా అనేది ఒకటి ఉంటదని కూడా తెలిసేది కాదు. కిరాయి తక్కువున్న హాలు వెతికి, ప్రొజెక్టర్ ఎవర్నో బతిమాలి తెచ్చి, కుర్చీలు మీరే మోసుకుని, పదిహేను మంది వస్తే అదే పదివేలు అనుకుని ఏళ్ళ తరబడి నడిపిస్తున్నారు, ఆ కష్టం దగ్గర్నుంచి చూసినదాన్నే. అందుకే చనువు తీసుకుని అడుగుతున్నా.

ట్యునీషియా డైరెక్టర్ ముఫీదా త్లాత్లి సినిమాలు ఎందుకు వెయ్యరు?

రెండేళ్ళ కింద మార్చి 8కి ఒక షోకి వచ్చా. ఏ ఊరు, ఏ క్లబ్బు అన్నది వదిలేయండి. వెనకాల "ప్రపంచ సినిమాలో స్త్రీ" అని పెద్ద బ్యానర్. మూడు రోజులు, ఐదు సినిమాలు, ఐదూ మగ డైరెక్టర్లవే. మంచి సినిమాలే, కాదనను, రెండు చోట్ల ఏడ్చా కూడా. కానీ సినిమాకి ముందు స్త్రీ సహనం గురించి నలభై నిమిషాల ఉపన్యాసం, అది చెప్పింది కూడా ఒక సారే. అయిపోయాక టీ దగ్గర నిర్వాహకుల్లో ఒకాయన్ని అడిగా, ట్యునీషియా ఆవిడ ఉంది కద సార్, త్లాత్లి, ఆవిడవి వెయ్యొచ్చు కద అని. ఆయన ఫోన్‌లో పేరు కొట్టి చూసి "అవి బాగా స్లో అమ్మా, మనోళ్ళు కూర్చోరు" అన్నాడు. మీరు చూశారా సార్ అంటే చూడలేదన్నాడు. చూడకుండానే స్లో అని ఎట్లా తెలుస్తదో నాకైతే అర్థం కాలేదు, ఆడావిడ తీసింది అంటే స్లోనే ఉంటది అనే లెక్కేమో.

సరే, ఆవిడెవరో తెలీని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. 1947లో సిదీ బూ సయీద్‌లో పుట్టింది, ట్యునిస్ పక్కన సముద్రం ఒడ్డున కొండ మీద ఉంటది ఆ ఊరు, తెల్ల గోడలు, నీలం తలుపులు, టూరిజం ఫొటోల్లో మీరు చూసే ఉంటారు. పారిస్‌లో ఫిల్మ్ స్కూల్లో ఎడిటింగ్ చదివి 1968లో బయటికొచ్చింది, కొన్నేళ్ళు ఫ్రెంచి టీవీలో చేసి 1972లో ఇంటికి తిరిగొచ్చేసింది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు ఎడిటింగ్ టేబుల్ ముందే. అల్జీరియా వాళ్ళు బాగా చెప్పుకునే 'ఒమర్ గత్లాతో' ఉంది కద, అది ఎడిట్ చేసింది ఈవిడే. పాలస్తీనా ఆడవాళ్ళిద్దరి మీద మిషెల్ ఖ్లైఫీ తీసిన 'ఫర్టైల్ మెమరీ', అదీ ఈవిడే. 1990లో వచ్చిన 'హల్ఫావిన్' మీలో చాలామంది వేశారు, నేను ఒకసారి మీ దగ్గరే చూశా. తల్లితో పాటు ఆడవాళ్ళ హమామ్‌కి, అంటే ఊరుమ్మడి స్నానాల గదికి, వెళ్ళే పిల్లాడు, వాడి చూపు మారిందని గ్రహించి ఆడవాళ్ళు బయటికి తరిమేస్తారు చూడండి, ఆ సినిమా. దాని ఎడిటర్ కూడా త్లాత్లినే. ఒక పిల్లాడి కళ్ళతో చూసిన ఆడవాళ్ళ లోకాన్ని రోజుల తరబడి చీకటి గదిలో కూర్చుని ముక్కలు కోసి అతికించిన ఆవిడ, అదే లోకం లోపల్నుంచి ఎట్లుంటదో నేను చెప్పాలి అనుకుని ఉంటదా? ఇది నా ఊహ మాత్రమే, ఆవిడ అన్నట్టు రాయకండి.

ఆవిడ స్వయంగా చెప్పింది మాత్రం వేరే. తల్లికి జబ్బు చేసి మాట ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఆ మౌనం పక్కన కూర్చుంటే అప్పుడు తట్టిందంట, ఈమె జీవితం గురించి నాకు ఏమీ తెలీదే, ఇన్నేళ్ళూ ఒక్కటి కూడా అడగలేదే అని. ఇగ అడిగినా జవాబు రాదు. ఆ బాధలోంచి వచ్చింది మొదటి సినిమా, 1994లో, అప్పటికి ఆవిడకి నలభై ఏడేళ్ళు. అరబీలో 'సమ్త్ అల్ ఖుసూర్', మన భాషలో చెప్పుకుంటే రాజభవనాల మౌనాలు. ఆ ఏడాది కాన్ ఫెస్టివల్‌లో మొదటి సినిమాలకిచ్చే కెమెరా దోర్ విభాగంలో స్పెషల్ మెన్షన్, సొంత దేశంలో కార్తేజ్ ఫెస్టివల్‌లో అన్నిటికంటే పెద్దదైన గోల్డెన్ తానిత్. అవార్డులు చూసి సినిమా వేసే అలవాటు మీలో కొందరికి ఉంది కాబట్టి ఈ రెండూ చెప్పా, ఇగ అవార్డుల సంగతి వదిలేద్దాం.

సినిమాలో అలియా అనే పాతికేళ్ళ అమ్మాయి పెళ్ళిళ్ళలో పాటలు పాడుతుంటది. మొదటి సీన్‌లో ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ పాట పాడుతుంటే కెమెరా ఆమె మొహం మీదే ఉండిపోతది, గొంతు ఎంత తియ్యగా ఉందో కళ్ళు అంత అలిసిపోయి ఉంటాయి. కడుపుతో ఉంది. పదేళ్ళ నుంచి కలిసి బతుకుతున్న లోత్ఫీ తీయించుకొమ్మంటున్నాడు, ఇది మొదటిసారి కూడా కాదు. అప్పుడే కబురొస్తది, సిదీ అలీ చనిపోయాడు అని. ట్యునీషియాని ఏలిన బే వంశపు రాకుమారుడు ఆయన, ఆ రాజభవనంలోనే అలియా పుట్టి పెరిగింది, వాళ్ళమ్మ ఖదీజా అక్కడ పనిమనిషి. పదేళ్ళ తర్వాత మళ్ళీ ఆ గేటు లోపలికి అడుగు పెడతది, ఇగ సినిమా అంతా అక్కడే, ఇప్పటి ఖాళీ గదుల్లోంచి 1950ల నాటి గదుల్లోకి, మళ్ళీ ఇటు.

ఇక్కడ నేను కొంచెం ఎక్కువ మాట్లాడతా, ఏమనుకోకండి, అసలు విషయం ఇదే. మనం గడీల సినిమాలు చూస్తూ పెరిగాం. గడీ అంటే మన తెరమీద ఏముంటది, దొర ఉంటాడు, ఉయ్యాల బల్ల, హుక్కా, కొరడా, గుంపు, చివర్లో గొడ్డలి పట్టుకుని హీరో. అంతా వాకిట్లోనే జరుగుతది. త్లాత్లి కెమెరాని తీసుకెళ్ళి వంటింట్లో పెట్టింది. పై అంతస్తులో రాకుమారులు, వాళ్ళ భార్యలు, మెత్తటి సోఫాలు. కింద వంటింట్లో పిండి జల్లెడ పట్టే ఆడవాళ్ళు, కూరగాయలు తరిగేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, పాడుకుంటుంటారు, మోటు జోకులేసుకుంటారు, రేడియోలో ఫ్రెంచి వాళ్ళ మీద పోరాటం వార్తలు వస్తుంటాయి, వింటూనే పిండి కలుపుతుంటారు. వాళ్ళకి పెద్దదిక్కులాంటి ఖాల్తీ హద్దా ఉంటది, ఖాల్తీ అంటే మన పెద్దమ్మ, చిన్నమ్మ లాగా పిన్నివరస. ఎవరూ ఎవరికీ ఏదీ విడమర్చి చెప్పరు. పైనుంచి పిలుపొస్తే ఖదీజా చేతులు కడుక్కుని వెళ్తది. ఒక్కోసారి టీ పట్టుకుని, ఒక్కోసారి అతిథుల ముందు డాన్స్ చెయ్యడానికి, రాత్రి అయితే ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆమెని పదేళ్ళ వయసులో కన్నవాళ్ళే ఆ ఇంటికి అమ్మేశారు. అలియా తండ్రి ఎవరు? అడుగుతది ఆ పిల్ల, తల్లి చెప్పదు. మనకి అర్థమైతది, ఎవరో. కానీ సినిమా కూడా నోరు తెరిచి చెప్పదు.

మా నానమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరి గడీలో ఆడబాపలు ఉండేవాళ్ళంట. దొర బిడ్డ పెళ్ళైతే ఆమెతో పాటు అత్తారింటికి సామాన్లతో పాటు పంపించే పిల్లలు, ఆడబాప అంటే అదీ. మీకు తెలియంది కాదు, సాయుధ పోరాటం గురించి రాసిన ప్రతి పుస్తకంలో ఒక పేజీ ఉంటది. నానమ్మ ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించేది, ఇంట్లో మేం తప్ప ఎవరూ లేకపోయినా సరే తగ్గించేది. వాళ్ళకి పుట్టిన పిల్లలు ఏమయ్యారు నానమ్మా అని ఒకసారి అడిగితే, పోయి బర్లకు నీళ్ళు పెట్టు అంది. సమ్త్ అల్ ఖుసూర్ చూస్తున్నంతసేపూ నాకు ఆ "బర్లకు నీళ్ళు పెట్టు" వినబడుతూనే ఉంది. ట్యునీషియా వేరు, నిజాం తెలంగాణ వేరు, చరిత్రలు కలపొద్దు, ఒప్పుకుంటా. గొంతు తగ్గించడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇగ స్లో అన్న సారు కోసం ఒక సీన్ చెప్తా. తల్లి మీద జరిగిన అఘాయిత్యం కూతురి కంట పడతది. ఆ పిల్ల భవనం గేటు వైపు పరుగెత్తుతది, గేటు మూసుకుంటుంటది, కమ్మీలు పట్టుకుని నోరంతా తెరిచి అరుస్తది. అరుపు వినపడదు మనకి. నోరు కనిపిస్తది, శబ్దం లేదు. మన సినిమాలో అయితే అక్కడ వంద వయొలిన్లు, ఉరుము ఒకటి. ఇంకా, క్లైమాక్స్. పైన దొరల పిల్ల నిశ్చితార్థం, అలియాని పాడమంటారు, ఆ పిల్ల మామూలు పాట మొదలుపెట్టి మధ్యలో నిషేధించిన దేశభక్తి పాట ఎత్తుకుంటది, జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతుంటారు. అదే టైముకి కింద చిన్న గదిలో ఖదీజా ఎవరి బిడ్డనో మళ్ళీ కనడం ఇష్టం లేక తనకు తాను కడుపు తీసుకోబోయి ప్రాణం పోగొట్టుకుంటుంటది. పైన పాట, కింద మూలుగు, పైన పాట, కింద మూలుగు. ఇరవై ఏళ్ళ కత్తెర అనుభవం మొత్తం ఆ పది నిమిషాల్లో కనిపిస్తది, ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలకి చూపించడానికైనా వెయ్యండి సార్, ఆడవాళ్ళ కోసం కాకపోతే.

లోత్ఫీ సంగతి కూడా చెప్పాలి, మన ప్రగతిశీల మిత్రులు ఎక్కువ మంది కమిటీల్లో ఉన్నారు కాబట్టి. లోత్ఫీ విప్లవకారుడు, ఫ్రెంచి వాళ్ళ నుంచి తప్పించుకుని ఆ భవనంలో దాక్కుంటాడు, అలియాకి చదువు చెప్తాడు, దేశం మారబోతోంది, నువ్వు పెద్ద గాయని అవుతావు అని నమ్మిస్తాడు. ఆమె నమ్మి వెంట వెళ్తది. 1956 మార్చి 20న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఐదు నెలలు తిరక్కుండానే ఆగస్టు 13న బుర్గీబా ప్రభుత్వం పర్సనల్ స్టేటస్ కోడ్ తెచ్చింది, రెండో పెళ్ళాం రద్దు, నోటిమాట విడాకులు రద్దు, విడాకులు కోర్టులోనే, భార్య కూడా అడగొచ్చు, పెళ్ళికి అమ్మాయి ఒప్పుకోవాలి. అరబ్ దేశాల్లో అప్పటికి ఎవరూ అంత దూరం పోలేదు, ఇప్పటికీ అక్కడ ఆగస్టు 13 మహిళా దినోత్సవం, సెలవు కూడా. గొప్ప విషయమే. మరి ఆ చట్టం వచ్చి పదేళ్ళైనా లోత్ఫీ అలియాని పెళ్ళి ఎందుకు చేసుకోలేదు? తండ్రి పేరు లేని పిల్ల, పైగా పెళ్ళిళ్ళలో పాడే మనిషి, అందుకు. దేశానికి స్వేచ్ఛ తెచ్చిన చేత్తోనే అబార్షన్‌కి డబ్బులిస్తుంటాడు. 1994లో, తమ దేశం ఆడవాళ్ళకి ఎన్నో హక్కులిచ్చిందని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంటున్న రోజుల్లో ఈ ప్రశ్న వేసింది ఆవిడ. అరవకుండా వేసింది. చివర్లో అలియా ఆ బిడ్డని కంటానంటది, ఆడపిల్ల అయితే ఖదీజా అని పెట్టుకుంటానంటది.

రెండో సినిమా దగ్గరికి వస్తా. నేను ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే, మొదటిదాని గురించి చెప్తూ ఎక్కడికో పోయా.

2000లో వచ్చింది, పేరుకి అర్థం మగాళ్ళ సీజన్. జెర్బా అనే దీవిలో జరుగుతది. ఆ దీవి మగాళ్ళు రాజధాని ట్యునిస్‌కి పోయి వ్యాపారాలు చేసుకుంటారు, ఏడాదిలో పదకొండు నెలలు అక్కడే. ఒక్క నెల ఇంటికొస్తారు. ఆ నెలే సీజన్. మామిడిపళ్ళ సీజన్, పెళ్ళిళ్ళ సీజన్ అన్నట్టు. మిగతా పదకొండు నెలలు అత్తల రాజ్యం, కోడళ్ళంతా ఒకే పెద్దింట్లో, తివాచీలు నేస్తూ. ఐషా అని ఒక కోడలు, పద్దెనిమిదేళ్ళకి పెళ్ళైంది, చేతిలో మంచి పని ఉంది, నన్ను కూడా ట్యునిస్ తీసుకుపో అని మొగుణ్ణి అడుగుతది. కొడుకుని కను, తీసుకుపోతా అంటాడు. ఇద్దరు కూతుళ్ళు పుడతారు. తర్వాత కొడుకు పుడతాడు, అజీజ్. మాట ప్రకారం పట్నం పోతది. ఆ పిల్లాడికి ఆటిజం. చివరికి పిల్లల్ని తీసుకుని, తను ఏ ఇంట్లోంచి బయటపడాలని అన్నేళ్ళు కొట్టుకుందో ఆ ఇంటికే తిరిగొస్తది.

మాది జగిత్యాల వైపు. మా బాపు పదహారేళ్ళు దుబాయిలో ఉన్నాడు.

ఇంతకు మించి చెప్పకపోయినా మీకు అర్థమవ్వాలి, కానీ చెప్తా. ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న ఫ్రెండ్ ఒకామె ఈ సినిమా డీవీడీ తెచ్చింది, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయి. దసరాకి ఇంటికి పోయినప్పుడు రాత్రి ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని చూస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది, ఏం భాషే ఇది అంటే అరబీ అని చెప్పా. అరబీ అనగానే ఒకసారి నా మొహం చూసి, తెరమీదికి తిరిగింది. మా అమ్మకి అరబీ అంటే బాపు ఫోన్లలో వెనకాల వినపడే భాష. ఇగ అక్కడి నుంచి ప్రతి డైలాగు ఆపి ఆపి తెలుగులో చెప్పా, రెండు గంటల సినిమా నాలుగు గంటలు నడిచింది.

అమ్మ సినిమా గురించి ఏం మాట్లాడిందో చెప్తా, మీ పోస్ట్-స్క్రీనింగ్ డిస్కషన్‌లో ఇట్లాంటిది నేనెప్పుడూ వినలేదు కాబట్టి.

మొదట మగ్గాలు చూసి "గీళ్ళు తివాచీలు నేస్తున్నరు, మనం బీడీలు చుట్టినం, గంతే" అంది. నిజమే. మా వాడలో దుబాయి, మస్కట్ పోయిన ప్రతి ఇంట్లో చాట ఒడిలో పెట్టుకుని తునికాకు కత్తిరించే ఆడమనిషి ఒకామె ఉండేది. దుబాయి పైసలు అప్పు వడ్డీకి, ఏజెంటుకి పోయేవి, కూర పైసలు బీడీలవి. కొడుకు పుడితేనే తీసుకుపోతానన్న సీన్ దగ్గర అమ్మ ఏమీ అనలేదు. నాకు తమ్ముడు నా తర్వాత తొమ్మిదేళ్ళకి పుట్టాడు, మధ్యలో బాపు నాలుగుసార్లు వచ్చిపోయాడు. ఆ నాలుగు రాకపోకల్లో నానమ్మ అమ్మని ఏమేం అనిందో నాకు కొంత తెలుసు, మిగతాది ఆ రాత్రి అమ్మ ఊరుకున్న ఆ రెండు నిమిషాల్లో తెలిసింది. తర్వాత మగాళ్ళు వస్తున్నారని ఆడవాళ్ళు ముస్తాబయ్యే సీన్ వస్తే నవ్వింది. "రెండు నెల్లు పెండ్లి, ఇర్వై రెండు నెల్లు బీడీలు" అంది. బాపు రెండేళ్ళకోసారి వచ్చేవాడు లెండి, జెర్బా వాళ్ళకి ఏడాదికి ఒక నెల అంటే మాకంటే నయమే.

బాపు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పెద్ద పెద్ద డబ్బాలు తాళ్ళతో కట్టినవి, లోపల టాంగ్ పొడి, సెంటు బాటిళ్ళు, కంబళి, టేప్ రికార్డర్. నేను నానమ్మ కొంగు వెనకాల దాక్కున్నా, ఈ మనిషి మా ఇంట్లో ఎందుకు పడుకుంటాడు అని అడిగానంట. అంతకుముందు బాపు నాకు ఒక క్యాసెట్టు మాత్రమే, ఎవరో వస్తుంటే వాళ్ళ చేతికి మాటలు రికార్డు చేసి పంపేవాడు, అందరం చుట్టూ కూర్చుని వినేవాళ్ళం, అమ్మ మాత్రం తలుపు దగ్గర నిలబడి వినేది, అందరి ముందు వినాల్సిన మాటలే అందులో ఉంటాయి కద మరి. అమ్మ బాపుకి చెప్పాలనుకున్నవి ఆ క్యాసెట్టు రెండో వైపు ఎప్పుడూ ఎక్కలేదు, దానిమీద మొదట నానమ్మ, తర్వాత బాబాయ్, తర్వాత మేం పిల్లలం మాట్లాడేసరికి టేపు అయిపోయేది. త్లాత్లి తీసింది సరిగ్గా ఆ అయిపోయిన టేపు గురించి. మగాడు లేని ఇల్లు అంటే ఏడుస్తూ కూర్చునే ఇల్లు అనుకుంటాం. ఆవిడ అట్లా తీయలేదు. ఎదురుచూపు ఉంటది, కోరిక ఉంటది, దాన్ని దాచుకోకుండా చూపిస్తది, అత్త కాపలా ఉంటది, అదే టైములో ఆడవాళ్ళంతా ఒకచోట ఉన్నప్పుడు ఉండే నవ్వులు, అల్లరి ఉంటది. మగాళ్ళు రాగానే ఆ నవ్వులు ఒక్కసారిగా తగ్గిపోతాయి. సంతోషం వచ్చి సంతోషాన్ని తరిమేసినట్టు. నేను ఇది ఇంకే సినిమాలోనూ చూడలేదు, మా ఇంట్లో మాత్రం చూశా.

బాపుని కూడా అనట్లేదు. లేబర్ క్యాంపులో ఒక రూములో పన్నెండు మంది, ఆయన సినిమా ఆయనకి ఉంది, దాన్ని ఇంకెవరైనా తీయాలి.

ఇగ కడప వైపు వాళ్ళకి ఒక మాట. రాయచోటి, రాజంపేట చుట్టుపక్కల నుంచి, కోనసీమ నుంచి కువైట్‌కి ఇళ్ళల్లో పనికి ఆడవాళ్ళు పోతారు, ఖద్దామా వీసా అంటారు కద. ఆ ఖద్దామా అన్న మాట అరబీదే, ట్యునీషియాలో కూడా పనిమనిషిని అదే మాటతో పిలుస్తారు. రాజభవనంలో ఖదీజా ఖద్దామానే. కువైట్‌లో ఏడేళ్ళు చేసి వచ్చిన ఆమెకి ఆ వంటింటి సీన్లు మీరు వివరించాల్సిన పని లేదు, మీకే ఆమె వివరిస్తది. ఏ గంటకి పైనుంచి పిలుపొస్తది, మేడం ముందు కళ్ళు ఎట్లా దించుకోవాలి, రాత్రి గది తలుపుకి లోపల్నుంచి ఏం అడ్డం పెట్టుకోవాలి, అన్నీ. అట్లాంటి ఆమె ఒక్కతి కూడా మీ హాల్లో ఇప్పటిదాకా కూర్చోలేదు. ఇదే నా అసలు ఫిర్యాదు. ఆడవాళ్ళ బతుకు మీద సినిమాలు వేస్తున్నారు, ఎవరి బతుకో వాళ్ళు తప్ప అందరం చూస్తున్నాం.

త్లాత్లి ఒక్కతే అని కూడా అనుకోకండి. ఆవిడ కంటే ముందు సల్మా బక్కార్ ఉంది, 1975లో 'ఫాత్మా 75' తీస్తే సొంత ప్రభుత్వమే చాలా ఏళ్ళు చూపించనివ్వలేదు, ఆడవాళ్ళకి హక్కులు మేమే ఇచ్చాం అనే ప్రభుత్వానికి, ఆడవాళ్ళు అంతకుముందు నుంచే కొట్లాడుతున్నారు అని చెప్తే నచ్చుతదా. ఇప్పుడు కౌథర్ బెన్ హనియా పేరు మీ అందరికీ తెలుసు, గాజాలో చనిపోయిన చిన్నారి 'హింద్ రజబ్' గొంతుతో తీసిన సినిమాకి 2025లో వెనిస్ ఫెస్టివల్‌లో గ్రాండ్ జ్యూరీ ప్రైజ్ వచ్చాక ఇంకా తెలిసింది. ఆవిడ 2023లో తీసిన 'ఫోర్ డాటర్స్'లో నలుగురు కూతుళ్ళ తల్లి పాత్ర వేసిన హెంద్ సబ్రీ ఎవరనుకున్నారు? సమ్త్ అల్ ఖుసూర్‌లో చిన్న అలియా, గేటు దగ్గర శబ్దం లేకుండా అరిచిన పిల్ల, ఆమెకి అదే మొదటి సినిమా. తర్వాత ఈజిప్టులో పెద్ద స్టార్ అయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే మొహం ఇంకో తల్లీకూతుళ్ళ కథలో, ఈసారి తల్లిగా. రెండూ వరుసగా రెండు ఆదివారాలు వేస్తే ఎంత బాగుంటదో ఆలోచించండి.

త్లాత్లి మూడే కథా చిత్రాలు తీసింది, మూడోది 2004లో 'నాదియా, సర్రా', ముట్లుడిగే వయసులో ఉన్న తల్లి, ఎదిగొచ్చిన కూతురు. ఆ సబ్జెక్టు మీద మన దగ్గర ఎవరైనా సినిమా తీస్తామంటే ప్రొడ్యూసర్ మొహం ఎట్లుంటదో చూడాలని ఉంది. 2011లో అధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలి పారిపోయాక మధ్యంతర ప్రభుత్వంలో సాంస్కృతిక మంత్రిని చేశారు ఆవిడని, కొన్ని రోజులకే బయటికొచ్చేసింది. 2021 ఫిబ్రవరిలో చనిపోయింది. మన దగ్గర ఒక్క సంతాప ప్రదర్శన జరిగినట్టు నాకు కనపడలేదు, జరిగి ఉంటే చెప్పండి, ఈ వాక్యం తీసేస్తా.

మీరు చెప్పే అడ్డంకులు నాకు తెలుసు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీష్‌లోనే ఉంటాయి, జనానికి అందవు. అందుకే మగాళ్ళ సీజన్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ నేను రాయడం మొదలుపెట్టా, సగం అయ్యాయి. మా అమ్మకి చెప్పిన తెలుగే, పుస్తకాల తెలుగు కాదు. ఇంగ్లీష్ మీదుగా వస్తున్నాయి కాబట్టి అరబీ తెలిసిన వాళ్ళతో ఒకసారి చెక్ చేయించాలి, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు ఊరూరా ఉన్నారు, ట్యునీషియా యాస వాళ్ళకి కొంచెం కష్టమే కానీ చూద్దాం. దొంగ ప్రింట్ వెయ్యమని అడగట్లేదు, హక్కులున్న వాళ్ళకి మీరు లెటర్‌హెడ్ మీద రాస్తే వేరు, నేను రాస్తే వేరు, ఆ పని మాత్రం మీరే చెయ్యాలి. హైదరాబాద్‌లో ఫ్రెంచి వాళ్ళ సాంస్కృతిక కేంద్రం ఉంది, ఈ సినిమాల్లో ఫ్రెంచి డబ్బు ఉంది, ముందు అక్కడ అడిగి చూడండి.

మార్చి 8న మాత్రం వద్దు. ఆ రోజు ఎవరో ఒకరు వచ్చి శాలువా కప్పించుకుని పోతారు. ఆగస్టు 13 అంటే నాకు ఇష్టమే కానీ అది వర్కింగ్ డే అయితే బీడీలు చుట్టేవాళ్ళకి ఆ రోజు కూలి పోతది, కాబట్టి దానికి దగ్గర్లో వచ్చే ఆదివారం పెట్టండి. హైదరాబాద్‌లో కాదు, జగిత్యాలలోనో కోరుట్లలోనో, రెండోసారి రాయచోటిలో. పిల్లల్ని తీసుకురావొద్దు అని బోర్డు పెట్టకండి, పిల్లల్ని ఎవరికి అప్పజెప్పి వస్తారు. ముందు ఉపన్యాసం వద్దు. తర్వాత కావాలంటే మాట్లాడుకుందాం, మైకు మాత్రం మొదట వెనక వరసలోకి పంపండి.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించా. తన మాటలు రాసినందుకు ఏమంటదో అనుకున్నా, ఏమీ అనలేదు. సినిమా వేస్తే మా వాడ నుంచి పది మందిని తోల్కొస్తా అంది, కానీ పగలు పన్నెండింటికి మొదలుపెట్టాలంట, మా ఊరికి ఆఖరి బస్సు ఐదున్నరకే, తర్వాత ఆటో వాడు మనిషికి నలభై అడుగుతడు అని కూడా రాయమంది.